ఎవరదీ?

తలుపు చప్పుడైతే లోపలినుంచి "ఎవరదీ?" అనడం, బయటినుంచి "నేనే" అనడం మన ఇళ్ళల్లో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఆలోచించి చూస్తే ఆ "నేనే" అన్న జవాబులో తెలిసేదేమీ లేదు. లోకంలో ప్రతివాడూ "నేనే" కదా! అయినా మనం గొళ్ళెం తీసేసేవాళ్ళం. మనకు కావలసింది పేరు కాదు, గొంతు.

మా పుట్టింట్లో అయితే ఆ ప్రశ్న కూడా అక్కర్లేకపోయింది. పొద్దున్నే కల్లాపి చల్లడానికి తెరిచిన వీధి తలుపు మళ్ళీ పడకల వేళకు గాని మూసేవారు కాదు. అరుగుమీద ఎవరో ఒకరు కూర్చునే వుండేవారు. వచ్చే మనిషిని వీధి మలుపులోనే చూసి, "అమ్మాయ్, మీ మేనమామ వస్తున్నాడే" అని లోపలికి కేకేసేవారు. వాళ్ళే మా కాలింగ్ బెల్, వాళ్ళే మా కెమెరా.

ఇప్పుడు మేముండేది అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. అరుగు లేదు, వీధి లేదు. మూసిన తలుపు, దాని పక్కన ఒక మీట. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం మేమిద్దరం బ్యాంకుకు వెళ్ళిన సమయంలో ఆ మీట మోగింది. ఇంట్లో వున్నది ఎనభై రెండేళ్ళ మా అత్తగారు ఒక్కరే. "గ్యాస్ పొయ్యి తనిఖీకి వచ్చాం" అన్నాడట. ఆవిడ తీశారు. వంటింట్లోకి వచ్చి, గొట్టం పాడైందని చెప్పి, ఏదో మార్చినట్టు నటించి, అయిదు వందలు పట్టుకుపోయాడు. పోయింది అయిదు వందలే. కాని ఆ సాయంత్రంనుంచి ఆవిడ బెల్ మోగితే లేవడం మానేశారు. డబ్బు పోయినందుకు కాదు, తన ఇంట్లో తనకు భయం వేసినందుకు సిగ్గుపడ్డారు.

సంగతి విని అమెరికాలో వున్న మా అబ్బాయి ఒక వీడియో డోర్‌బెల్ పంపించాడు. మీట నొక్కినవాడి బొమ్మ ఫోన్లో కనిపిస్తుంది, ఇటునుంచి మాట్లాడవచ్చు. లోపల బ్యాటరీ వుంది. పాత బెల్ తీగలకు కలుపుకుంటే ఛార్జి చేసే బెడద కూడా వుండదని చీటీలో వుంది. ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ణి పిలిపించాం. పాత మీట ఊడదీసి చూశాడు. "రెండు వైర్లున్నాయమ్మా. దీనికీ రెండే స్క్రూలు. సరిగ్గా సరిపోయింది" అని ఉత్సాహంగా బిగించబోయాడు.

నాకు ఏదైనా చదివే జబ్బు వుంది. పచారీ కొట్టువాడు పొట్లం కట్టిన కాగితం కూడా వదలను. డబ్బాలో వచ్చిన చీటీలో నల్లటి అక్షరాలతో "16 నుంచి 24 వోల్టులు మాత్రమే" అని వుంది. "ఒక్కమాటు ఆగు నాయనా, మన గోడలో ఎంత వస్తోంది?" అన్నాను. కుర్రాడు టెస్టర్ పెట్టాడు. ఎర్రగా వెలిగింది. నాలిక కరుచుకుని, "230 అమ్మా" అన్నాడు. బిగించి స్విచ్చి వేసివుంటే వేలు పోసి కొన్న వస్తువు చిటికెలో మాడిపోయేది. కుర్రాడికి షాకు కొట్టినా కొట్టేదే.

రెండు తీగలు, రెండు స్క్రూలు. పైకి చూస్తే ఒకటే. మరి అక్కడ 16 ఏమిటి, ఇక్కడ 230 ఏమిటి? ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే అది రెండు వందల ఏళ్ళు వెనక్కి తీసుకుపోయింది. ఆ కథే మీకు చెబుదామని.

కరెంటుకు ముందే గంటలున్నాయి. ఇంగ్లండులో పద్ధెనిమిదో శతాబ్దం చివరికల్లా గొప్పవాళ్ళ ఇళ్ళల్లో గోడల వెంబడి తీగలు లాగి, మలుపుల దగ్గర ఇనప మడతలు పెట్టి, కింద వంటవాళ్ళుండే చోట వరసగా గంటలు వేలాడదీసేవారు. పై గదిలో దొరసాని పట్టుతాడు లాగితే కింద గంట గణగణమనేది. ప్రతి గంటకూ ఒక చుట్టల స్ప్రింగు. మోత ఆగాక కూడా గంట కాసేపు ఊగుతూనే వుండేది. పనిమనిషి ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి ఏ గంట ఊగుతోందో చూసి ఆ గదికి పోవాలి. చూశారా, గంట పుట్టింది వచ్చినవారిని ఆదరించడానికి కాదు, పనివాళ్ళను పిలవడానికి! మన ఆఫీసుల్లో బంట్రోతును పిలిచే బల్లమీది గంట దాని చుట్టమే.

1820లో డెన్మార్క్ దేశపు ఆయిర్‌స్టెడ్, తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని కనిపెట్టాడు. 1825లో ఇంగ్లండులో స్టర్జన్ ఇనప ముక్కకు తీగ చుట్టి కరెంటు పంపి, ఆ ఇనుమును అయస్కాంతం చేశాడు. కరెంటు ఆపితే అది మళ్ళీ ఉత్త ఇనుమే. దీన్ని గంటగా మార్చినవాడు జోసెఫ్ హెన్రీ. న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ అన్న ఊళ్ళో బడిపంతులు. లెక్కలు చెప్పుకుంటూ, తీరిక దొరికినప్పుడు ప్రయోగాలు చేసుకునేవాడు.

స్టర్జన్ చుట్టింది ఒట్టి తీగ, అందుకని చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం వదలాలి. హెన్రీ తీగకే పట్టుగుడ్డ చుట్టాడు. అప్పుడు చుట్టుమీద చుట్టు వేసుకుంటూ పోవచ్చు, బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పట్టు ఎక్కడిదంటే, ఇల్లాలి పట్టు లంగాలు చించి చుట్టాడని ఒక కథ చెప్పుకుంటారు. కథగానే వినండి గాని, మగవాళ్ళ ప్రయోగాలకు మన బీరువాలు ఖాళీ అవడం మనకు కొత్తా ఏమిటి!

1831 ప్రాంతంలో హెన్రీ బడిలోని పెద్ద గది గోడల చుట్టూ మైలుకు పైగా రాగి తీగ తిప్పాడు. ఒక చివర బ్యాటరీ, మరో చివర ఆ అయస్కాంతం, దాని మధ్య సూదిమొనమీద తిరిగే ఉక్కు కడ్డీ, పక్కనే చిన్న గంట. ఇటు కరెంటు కలిపితే అటు కడ్డీ గిర్రున తిరిగి గంటను టంగున కొట్టింది. మైలు దూరపు తీగ చివర మనిషి లేకుండా గంట మోగడం పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసి వుంటారు. టెలిగ్రాఫుకు దారి చూపిన ప్రయోగాల్లో అదొకటి. మన గుమ్మం గంటకు అదే తాతమ్మ.

హెన్రీ గంట ఒక్కసారి టంగుమనేది. గణగణమని మోగాలంటే ఒక చిన్న చమత్కారం కావాలి. అయస్కాంతం సుత్తిని లాక్కుంటుంది, సుత్తి గంటను కొడుతుంది. ఆ కదలికతోనే కరెంటు దారి తెగిపోతుంది. అయస్కాంతం నీరసిస్తుంది, స్ప్రింగు సుత్తిని వెనక్కి లాగుతుంది. దారి మళ్ళీ కలుస్తుంది, మళ్ళీ కొడుతుంది. తనను తానే ఆపుకుంటూ తనను తానే నడుపుకుంటూ, వేలు మీటమీద వున్నంతసేపూ మోగుతుంది.

మరి కరెంటు ఎక్కడిది? అప్పటికి వీధిలో స్తంభాలు లేవుగా! 1866లో ఫ్రాన్సు దేశస్థుడు లెక్లాంషే ఒక గాజు జాడీ తయారుచేశాడు. అందులో జింకు కడ్డీ, బొగ్గు కడ్డీ, మాంగనీసు పొడి, నవాసాగరం కలిపిన నీళ్ళు. నవాసాగరం మీకు తెలిసినదే. ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు గిన్నె వేడిచేసి చల్లితే తెల్లగా పొగ వచ్చేది చూడండి, అదే! ఈ జాడీకి ఒక బలహీనత వుంది. ఎడతెగకుండా వాడితే అలిసిపోతుంది, కాసేపు వదిలేస్తే మళ్ళీ తేరుకుంటుంది. అందుకే ఆగి ఆగి మోగే గంటకు అది అచ్చు గుద్దినట్టు సరిపోయింది. జాడీకి ఒకటిన్నర వోల్టు. రెండు మూడు జాడీలు చాలు, సన్నపాటి తీగ చాలు. చేత్తో ముట్టుకున్నా ప్రమాదం లేదు.

అమెరికా ఇళ్ళల్లో గుమ్మం తీగలు ఇంత సన్నగా, ఇంత నీరసంగా వుండడానికి మూలం ఇదీ. ఎడిసన్ న్యూయార్కులో దీపాలకు కరెంటు అమ్మడం మొదలుపెట్టింది 1882లో. అంటే దీపంకంటే గంట పెద్దది. తరవాత ఇంటింటికీ కరెంటు వచ్చినా, గోడల్లో వున్న ఆ సన్నతీగలను ఎవరూ పీకెయ్యలేదు. జాడీలు తీసేసి, వాటి చోట ఒక బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. అది ఇంటి కరెంటును పదీ పదహారు వోల్టులకు తగ్గించి ఇస్తుంది. ఇంగ్లండులో అయితే 8 వోల్టులవి ఎక్కువ. అలా ఆ నవాసాగరం జాడీల మర్యాద నేటికీ గోడల్లో నిలిచి వుంది.

1930ల్లో అక్కడి ఇల్లాళ్ళకు ఆ కర్ణకఠోరమైన మోత విసుగు పుట్టింది. అప్పుడు వచ్చింది "డింగ్ డాంగ్". ఇందులో సుత్తి కాదు, తీగచుట్ట మధ్య అటూ ఇటూ జారే ఇనప కడ్డీ. మీట నొక్కితే కడ్డీ ఎగిరి ఒక పలకను తాకుతుంది, డింగ్. వేలు తీస్తే స్ప్రింగు వెనక్కి నెట్టి రెండో పలకకు కొడుతుంది, డాంగ్. అంటే మొదటి స్వరం వచ్చినవాడిది, రెండోది వేలు తీసే మర్యాదది! పొడుగాటి ఇత్తడి గొట్టాలు ముందు హాల్లో వేలాడదీయడం గొప్పగా వుండేది. 1954నుంచి టెలివిజన్‌లో అదే మోతతో ఏవన్ కంపెనీ ప్రకటన వచ్చేది. గుమ్మం గంట నొక్కేది పౌడర్లూ సెంట్లూ అమ్మే ఆడవాళ్ళు, తలుపు తీసేదీ ఆడవాళ్ళే. తలుపవతల ఎవరున్నారోనన్న బెంగ ఆ ప్రకటనలో లేదు. నవ్వుతూ తీసేవారు.

ఆ నవ్వు అందరి ఇళ్ళకూ రాలేదు. న్యూయార్కు నగరంలోనే, క్వీన్స్‌లోని జమైకా పేటలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అని ఒక నల్లజాతి నర్సు వుండేది. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ పనివాడు. ఇద్దరి డ్యూటీలూ వేళాపాళా లేనివి. ఆవిడ చాలా రాత్రులు ఒంటరిగా వుండాల్సి వచ్చేది. పేటలో దొంగతనాలు, పిలిస్తే తొందరగా రాని పోలీసులు. రాత్రి తలుపు చప్పుడైతే మంచంమీదనుంచి లేచి, చీకట్లో గుమ్మం దాకా నడిచి, రంధ్రంలో కన్ను పెట్టి చూడాలి. ఆ నాలుగడుగులే ఆవిడకు భయం. మనలో ఎవరికి తెలియదు ఆ భయం?

భార్యాభర్తలు కూర్చుని ఆలోచించారు. తలుపుకు ఒకదాని కింద ఒకటిగా చూపు రంధ్రాలు పెట్టారు. పొడుగువాడైతే పైది, పిల్లవాడైతే కిందిది. లోపలివైపు పైకీ కిందికీ జారే కెమెరా. దాని బొమ్మ పడకగదిలో టెలివిజన్ తెరమీద కనిపిస్తుంది. మంచం దగ్గరనుంచే మాట్లాడవచ్చు. అయినవాడైతే ఒక మీట నొక్కి తాళం తీయవచ్చు, కానివాడైతే ఇంకో మీట నొక్కి సాయం పిలవవచ్చు. 1966 ఆగస్టులో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు, 1969 డిసెంబరు 2న మంజూరైంది. దాని నంబరు 34,82,037. దరఖాస్తులో మొదటి పేరు మేరీది. ఈనాడు ఊరూరా కనిపించే గుమ్మం కెమెరాలకు మూలం ఒక నర్సు నిద్రపట్టని రాత్రులన్న మాట.

తరవాత కథ మీరు ఎరిగిందే. కాలిఫోర్నియాలో జేమీ సిమినాఫ్ అనే ఆయన తన గ్యారేజీలో పని చేసుకుంటూ వుంటే గుమ్మం గంట వినిపించేది కాదట. అందుకని ఫోన్లో మోగే గంట తయారుచేశాడు. 2013లో షార్క్ ట్యాంక్ అన్న టీవీ కార్యక్రమంలో పెట్టుబడికోసం అడిగితే ఒప్పందం కుదరలేదు. దానికే రింగ్ అని పేరు మార్చి అమ్మాడు. 2018లో అమెజాన్ ఆ కంపెనీని కొనేసింది. ఇక్కడ ఒక మాట కూడా చెప్పుకోవాలి. కంపెనీలో పనిచేసేవాళ్ళు కొందరు ఖాతాదారుల ఇళ్ళలోని దృశ్యాలు చూశారని అమెరికా ప్రభుత్వపు వాణిజ్య సంఘం అభియోగం మోపింది. 2023లో 58 లక్షల డాలర్లు చెల్లించేందుకు కంపెనీ ఒప్పుకుంది. గుమ్మం బయటివాణ్ణి మనం చూస్తూ వుంటే, మనల్ని మరొకరు చూడడం లేదు కదా అని చూసుకోవలసిన బాధ్యత కూడా మనదే.

ఇహ మళ్ళీ ఆ రెండు తీగల దగ్గరికి వద్దాం. మామూలు మీట నొక్కినప్పుడే దారి కలుపుతుంది, మిగతా వేళల్లో కరెంటు తినదు. కెమెరా అలా కాదు, ఇరవై నాలుగు గంటలూ మెలకువగా వుండాలి. దానికి తిండి ఎలా? పూర్వం చీకట్లో కనబడాలని మీటలో మిణుకుమనే చిన్న దీపం పెట్టేవారు. గంటచుట్ట గుండా సన్నటి ధారగా కరెంటు లాక్కుని అది వెలిగేది. కడ్డీని ఎగరేసే బలం ఆ ధారకు లేదు గనక గంట మోగేది కాదు. వీడియో డోర్‌బెల్ చేసేదీ అదే దొంగతనం, కాకపోతే దీని ఆకలి పెద్దది. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైతే బొమ్మ ఆగిపోతుంది. ధార పెద్దదైతే గంట తుమ్మెదలా జుమ్మంటూ వుంటుంది. అందుకే కొన్నిటికి గంట పక్కన కలపమని ఒక చిన్న పరికరం కూడా ఇస్తారు.

మన ఇళ్ళ సంగతి వేరు. మనకు జాడీల కాలం లేదు. దీపాలకు లాగిన తీగలే గంటకూ లాగారు. ఫ్యాను మాదిరిగానే కాలింగ్ బెల్‌కు కూడా నేరుగా 230 వోల్టులు. పిట్టలా కూసేదైనా, "ప్లీజ్ ఓపెన్ ది డోర్" అని బతిమాలేదైనా అంతే. మీట వెనకాల వున్న రెండు తీగలూ ఒకే ఫేజు తీగకు రెండు ముక్కలు. న్యూట్రల్ అక్కడికి రానే రాదు. అందుకని అమెరికా గంటకు ఆ తీగలు పనికిరావు.

మీరూ ఇలాంటిది తెప్పించుకునేట్టయితే ముందు పాత బెల్ మీద ఏం రాసివుందో చదవండి. 230 అని వుంటే ఆ తీగల జోలికి పోవద్దు. అలా కాకుండా 12, 16, 24 అని వుంటే ఎక్కడో ఒక ట్రాన్స్‌ఫార్మర్ వుందన్నమాట. మెయిన్ బోర్డు దగ్గర వెతికించండి. దానిమీద వోల్టుల పక్కనే "వీఏ" అని మరో అంకె వుంటుంది. కుళాయిలో ఒత్తిడి వున్నా గొట్టం సన్నదైతే బిందె నిండనట్టే, 16 వోల్టులున్నా వీఏ చాలకపోతే కెమెరా కునుకు తీస్తుంది. ఆ రెండంకెలూ, డబ్బాలోని చీటీలో అడిగిన అంకెలూ సరిపోవాలి. బెల్ పలకల్ని కొట్టే రకమా, ఎలక్ట్రానిక్ పాట పాడే రకమా అన్నది కూడా చీటీతో సరిచూడాలి. అమెరికానుంచి ట్రాన్స్‌ఫార్మర్ కూడా పంపించమని మాత్రం అడక్కండి. అక్కడ ఇళ్ళల్లో 120 వోల్టులు, మన 230కి అది తట్టుకోదు. ఇవన్నీ మెయిన్ కట్టేసి, పని తెలిసినవాడి చేత చేయించాలి. చదవడం మాత్రం మన పని.

మా ఇంట్లో చివరికి ఏమైందంటే, పాత మీటను యథాస్థానంలో పెట్టించాం. దాని పక్కన కొత్తదాన్ని తీగలు లేకుండా బ్యాటరీతోనే బిగించాడు కుర్రాడు. పని ముగిసిందని సంతోషిస్తూ వుంటే మా అత్తగారు అడిగారు. "ఆ బొమ్మ ఎక్కడ కనిపిస్తుందే?"

"మీ అబ్బాయి ఫోన్లో, మీ మనవడి ఫోన్లో అత్తయ్యా" అన్నాను.

"వాళ్ళు ఒకడు బజార్లో, ఒకడు అమెరికాలో. తలుపు తీసేది నేను గదా!"

నాకు నోట మాట రాలేదు. ఆవిడ దగ్గరున్నది అంకెల మీటల ఫోను. ఎవరి భయం తీర్చడానికి ఇదంతా చేశామో ఆ మనిషికి తప్ప అందరికీ బొమ్మ కనిపిస్తోంది! మేరీ బ్రౌన్ తన తెరను మంచం పక్కనే పెట్టుకుంది. భయపడేది ఎవరో ఆవిడకు తెలుసు గనక. మనం దాన్ని ఇంట్లో లేనివాళ్ళ జేబుల్లో పెట్టాం.

మావారి పాత టాబ్లెట్ ఒకటి బీరువాలో మూలుగుతూ వుంటే తీసి, ఆవిడ మంచం పక్కన స్టూలు మీద నిలబెట్టాం. వేలితో ఎక్కడ నొక్కాలో నాలుగు రోజులు నేర్పాను. ఇప్పుడు బెల్ మోగితే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తెరలోకి చూస్తారు. ఎవరో స్పష్టంగా కనిపిస్తూనే వుంటారు. అయినా గొంతు పెంచి "ఎవరదీ?" అంటారు.

మొన్న అదే సమయానికి అమెరికానుంచి మా అబ్బాయి కూడా ఫోన్లో చూసి "ఎవరదీ?" అన్నాడు. గుమ్మంలో కొరియరు కుర్రాడు రెండు గొంతులు విని తత్తరపడి, "నేనేనండీ" అన్నాడు.

"వాడే, వాడే" అంటూ మా అత్తగారు లేచి వెళ్ళి తలుపు తీశారు.